కోర్టు పాఠం ఎక్కడ మొదలుపెట్టాలి?

కోర్టు మెట్లెక్కడం పరువుతక్కువని మన ఇళ్లలో పెద్దలంటారు. బడిలోనేమో సుప్రీంకోర్టు, హైకోర్టు, జిల్లా కోర్టు అని వరస వల్లె వేయిస్తాం. దానివల్ల మార్కులు రావచ్చు గాని, కోర్టు ఎవరికోసమో పిల్లలకు తెలియదు.

సెలవుల్లో హైస్కూలు పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు నేను ముందుగా ఒకటే అడుగుతాను: "పోలీసులు పట్టుకుపోయినవాడు నేరస్థుడేనా?" "అవును సార్!" అంటారు. పాఠం అక్కడే మొదలు. పట్టుకునేది పోలీసులు, నేరం తేల్చేది కోర్టు. రెండూ ఒకరి చేతిలోనే ఉంటే సామాన్యుడికి దిక్కేది? అందుకే మామూలు కేసుల్లో అరెస్టయిన వ్యక్తిని, ప్రయాణ సమయం పోను, 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగం 22వ అధికరణం శాసిస్తోంది.

మరి లాయరును పెట్టుకోలేని పేదవాడి గతేమిటి? బీహారు జైళ్లలో ఎందరో విచారణ కూడా జరగకుండానే, పడవలసిన శిక్షను మించిన కాలం మగ్గిపోయారు. 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసులో సుప్రీంకోర్టు సత్వర విచారణ, ఉచిత న్యాయసహాయం వారి హక్కులని చెప్పింది. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాల, తెగలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆ సహాయం అందుతుంది.

ఈ నాలుగు ముక్కలూ తెలిసిన పిల్ల ఒక్కతి ఉన్నా, ఆ ఇంటికి ఆపద వచ్చిననాడు దారి చూపగలదు. కోర్టుల వరస తర్వాతైనా నేర్పవచ్చు.