తీగ తెగిందని ఎవరు చెబుతారు?

కొత్త కార్ల పైకప్పు మీద, వెనుకవైపున, చేప రెక్కలాగా నిలబడి ఉండే చిన్న బుడిపెను మీరు చూసే ఉంటారు. అది అలంకారం కోసం పెట్టింది కాదు. దాని లోపల యాంటెన్నాలు ఉంటాయి. ఒకటి రేడియో కోసమైతే, మరొకటి జి.పి.ఎస్. ఉపగ్రహాల సంకేతాల కోసం.

"మాస్టారూ! కారు అద్దం పగిలితే కంటికి కనిపిస్తుంది. టైరులో గాలి పోతే బండి నడకలోనే తెలుస్తుంది. మరి ఆ బుడిపె నుంచి వచ్చే తీగ లోపలెక్కడో తెగితే ఎవరికి తెలుస్తుంది?" అని మా తరగతిలో ఒక కుర్రవాడు అడిగాడు. మంచి ప్రశ్న. దీనికి జవాబు మీ పాఠ్యపుస్తకంలో ఉన్న ఓమ్ నియమంలోనే ఉంది.

ఈ తీగకు అంత విలువ ఎందుకు?

ఐరోపా సమాఖ్య దేశాలలో 2018 మార్చి 31 నుండి, కొత్తగా ఆమోదం పొందే కారు నమూనాలలో 'ఇ-కాల్' అనే ఏర్పాటు తప్పనిసరి అయింది. పెద్ద ప్రమాదం జరిగితే కారు తనంతట తానే 112 నంబరుకు ఫోను చేసి, తాను ఎక్కడ ఉన్నదీ తెలియజేస్తుంది. చోటు తెలియాలంటే ఉపగ్రహాల సంకేతాలు అందాలి. వాటిని తెచ్చే తీగ ఆరు నెలల క్రితమే తెగిపోయి ఉంటే? ఆ సంగతి ప్రమాదం జరిగిన రోజున బయటపడి లాభం లేదు. అందుకే, సహాయం కోరే ఈ ఏర్పాటు పనిచేయలేనంత లోపం వస్తే కారులోని వారికి ముందుగానే హెచ్చరిక ఇవ్వాలని అక్కడి చట్టం నిర్దేశించింది.

యాంటెన్నాకు కరెంటు దేనికి?

పాత కార్లలో రేడియో యాంటెన్నా అంటే చాలావరకు ఒట్టి లోహపు కడ్డీయే. దానికి కరెంటుతో పని లేదు. జి.పి.ఎస్. సంగతి వేరు. ఆ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. వాటి సంకేతం నేలకు చేరేసరికి ఎంత బలహీనపడుతుందో తెలుసా? ఒక వాటును కోటి భాగాలు చేసి, అందులో ఒక భాగాన్ని మళ్ళీ కోటి భాగాలు చేసి, అందులో ఒకదాన్ని ఇంకో వంద భాగాలు చేయండి. యాంటెన్నాకు అందేది దాదాపు అంతే!

ఇంత నీరసమైన సంకేతం తీగ వెంట ముందు భాగం దాకా వచ్చేలోగా ఇంకా సన్నగిల్లుతుంది. కాబట్టి యాంటెన్నా పక్కనే ఒక చిన్న ఆంప్లిఫయరును అమర్చి, సంకేతాన్ని పెద్దది చేసి పంపుతారు. ఆంప్లిఫయరు పనిచేయాలంటే కరెంటు కావాలి కదా! దాని కోసం వేరే తీగ వేయరు. సంకేతం కిందికి వచ్చే కేబుల్‌లోనే కరెంటును పైకి పంపుతారు.

ఈ కేబుల్ నడుమ ఒక రాగి తీగ, దాని చుట్టూ విద్యుత్తును పోనివ్వని పదార్థం, ఆపైన లోహపు అల్లిక ఉంటాయి. కరెంటు ఏకముఖంగా, నిలకడగా ప్రవహిస్తుంది. సంకేతమో, సెకనుకు సుమారు 157 కోట్ల సార్లు కంపిస్తుంది. కెపాసిటర్ ఈ కంపనాలను పోనిచ్చి, ఏకముఖ ప్రవాహాన్ని ఆపుతుంది. తీగచుట్ట సరిగ్గా దీనికి విరుద్ధంగా చేస్తుంది. కేబుల్ రెండు చివరలా వీటిని ఉంచితే దేని దారిన అది పోతుంది.

చిన్న నిరోధకం, పెద్ద పని

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. కరెంటు పైకి వెళ్ళే దారిలో, రిసీవరు పెట్టె లోపల, 1 ఓమ్ నిరోధకం ఒకటి ఉందనుకోండి. ఆంప్లిఫయరు 20 మిల్లీ ఆంపియర్ల కరెంటు తీసుకుంటుందనుకుందాం. ఓమ్ నియమం ప్రకారం నిరోధకం రెండు కొనల మధ్య 20 మిల్లీ వోల్టుల పొటెన్షియల్ భేదం ఏర్పడుతుంది. ఈ భేదాన్ని కొలుస్తూ ఉంటే చాలు, కేబుల్ క్షేమసమాచారం తెలిసిపోతుంది.

కేబుల్ తెగినా, ఊడినా కరెంటు ఆగిపోతుంది. భేదం సున్నా అవుతుంది.

కేబుల్ నలిగి నడిమి తీగ అల్లికకు తగిలితే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. సరఫరా 5 వోల్టులైతే, మిగతా నిరోధాలను లెక్కలోకి తీసుకోకుండా చూస్తే, 5 ఆంపియర్లు పారాలి. అంటే మామూలు కంటే 250 రెట్లు! ఆ చిన్న నిరోధకంలోనే 25 వాట్ల వేడి పుడుతుంది. అది మాడిపోక ఏమవుతుంది?

మూడో ప్రమాదం ఇంకొకటి ఉంది. నడిమి తీగ 12 వోల్టుల బ్యాటరీ తీగకు తగిలితే, కరెంటు వెనక్కు తిరిగి పెట్టెలోకే వస్తుంది.

"1 ఓముకు బదులు 100 ఓములు పెడితే కొలవడం ఇంకా తేలిక కదా?" అని మీరు అడగవచ్చు. లెక్క వేయండి. 20 మిల్లీ ఆంపియర్లకు 2 వోల్టులు నిరోధకమే మింగేస్తుంది. యాంటెన్నాకు మిగిలేది 3 వోల్టులే. కొలిచే పరికరం కొలవవలసిన దానిని ఆకలితో మాడ్చకూడదు!

మళ్ళీ మేలుకునే ఫ్యూజు

కొలిస్తే సరిపోదు, కాపాడాలి కూడా. అందుకు కరెంటు దారిలో ఒక ట్రాన్సిస్టర్‌ను స్విచ్చిలాగా ఉంచుతారు. కరెంటు ఒక హద్దు దాటబోతే, ఉదాహరణకు 100 మిల్లీ ఆంపియర్లు, అది అడ్డుకుంటుంది. లోపం అలాగే ఉంటే, వేడెక్కకముందే దారి మూసేస్తుంది. మన ఇంట్లో ఫ్యూజు ఒకసారి కరిగితే కొత్త తీగ వేయాలి. ఇది అలా కాదు. కొంచెంసేపు ఆగి, మళ్ళీ తెరిచి చూస్తుంది. లోపం పోతే పని సాగిస్తుంది, పోకపోతే మళ్ళీ మూస్తుంది. కరెంటు వెనక్కు రాకుండా ఇంకో ట్రాన్సిస్టర్ కాపలా కాస్తుంది.

దీనికి కాస్త ఓర్పు కూడా ఉండాలి. స్విచ్చి వేసిన క్షణంలో యాంటెన్నా దగ్గరి కెపాసిటర్లు నిండడానికి ఎక్కువ కరెంటు లాగుతాయి. దాన్ని చూసి బెదిరిపోయి దారి మూస్తే యాంటెన్నా ఎన్నటికీ పనిచేయదు. అందుకే ఆ క్షణకాలం దాటాకే తీర్పు చెబుతుంది.

మీరే చేసి చూడండి

రెండు టార్చి సెల్లులు, 100 ఓముల నిరోధకం, ఒక ఎర్ర ఎల్.ఇ.డి. తీసుకుని శ్రేణిలో కలపండి. ఎల్.ఇ.డి. పొడవు కాలు ధన ధ్రువం వైపు ఉండాలి. ఇక్కడ ఎల్.ఇ.డి.యే మన యాంటెన్నా. నిరోధకానికి సమాంతరంగా వోల్టుమీటరు పెట్టండి. సుమారు 1 వోల్టు చూపుతుంది. అంటే కరెంటు 10 మిల్లీ ఆంపియర్లు. ఎల్.ఇ.డి. కాలు ఒకటి ఊడదీయండి. ముల్లు సున్నాకు పడిపోతుంది. మళ్ళీ కలిపి, దాని రెండు కాళ్ళనూ ఒక తీగ ముక్కతో కలపండి. ముల్లు 3 వోల్టుల దగ్గరకు దూకుతుంది. ఎల్.ఇ.డి. వైపు చూడకుండానే దాని స్థితి చెప్పగలిగారు కదూ! నిరోధకాన్ని మాత్రం తీసివేయకండి.

ఒక హెచ్చరికతో ముగిస్తాను. కరెంటు సరిగా ఉన్నంత మాత్రాన అంతా బాగున్నట్లు కాదు. కేబుల్‌లోకి నీరు చేరితే, కరెంటు దాదాపు మామూలుగానే ఉండి, సంకేతం మాత్రం నీరసించవచ్చు. నాడి చూసినంతలో అన్ని రోగాలూ తెలియవు కదా! అందుకే రిసీవరు తనకు ఎన్ని ఉపగ్రహాలు వినిపిస్తున్నాయో కూడా లెక్క చూసుకుంటుంది. రెండు సాక్ష్యాలూ కలిసినప్పుడే "అంతా క్షేమం" అని నమ్మవచ్చు.