పోత గుండు, గురి

రివాల్వరును వెండితెరమీద చూచినవారే మనలో ఎక్కువ. అచ్చట కథానాయకుడు నడుమునుండి దానిని లాగి, చూడకయే పేల్చి, 100 గజాల దూరమున నున్న శత్రువును పడగొట్టును. వాస్తవమున 25 గజాల దూరమున ఆరు గుండ్లు అరచేతి వెడల్పులో పడునట్లు కాల్చుటకే ఎంతో సాధన కావలెను. గుండు సీసము కరగించి స్వయముగా పోసికొన్నదైనచో చిక్కులు ఇంకను హెచ్చు. గురి తప్పిన గుండు కాగితముమీద ఒక సున్న మాత్రమే. వేటలోనైతే గాయముతో పొదలలో పడి నశించు మూగజీవము.

అమెరికాలో ఈ విద్యకు పెద్దదిక్కు ఎల్మర్ కీత్ (1899–1984). ఇడాహో రాష్ట్రపు పశుపాలకుడు, వేటగాడు, రచయిత. 1925 లో ఒక పాత .45 కోల్ట్ రివాల్వరు ఆయన చేతిలోనే ప్రేలి, తూటాల చక్రము పైభాగము ఎగిరిపోయినది. పిమ్మట ఆయన .44 వైపు మరలినాడు. రంధ్రము చిన్నదైనకొలది గదుల నడిమి గోడ దళసరి యగును గదా! 1907 లో వెలువడిన .44 స్పెషల్ తూటాకు తగిన గుండును తానే రూపొందించి లైమన్ సంస్థచే మూస చేయించినాడు. బరువు 250 గ్రెయిన్లు, అనగా 16 గ్రాములకు కొంచెము పైన. మొన మొద్దు, భుజము పదును. ఒంటిచుట్టు వెడల్పైన పట్టీలు, నడుమ మైనము నిలుచుటకు లోతైన గాడి. సీసము 16 పాళ్లకు తగరము 1 పాలు ఆయన మెచ్చిన మిశ్రమము.

లోహము గట్టిదైనచో గురి దానంతట కుదురునను భ్రమ పలువురకు కలదు. వెనుకటి అచ్చుకూటములలో అక్షరములు పోసిన సీసము, అంటిమొని, తగరముల మిశ్రమము గుండ్లు పోయువారికిని ప్రియమైనదే. తగరము మూస మూలలను నింపును. అంటిమొని కాఠిన్యము నిచ్చును. అక్షరమునకును గుండునకును ఒకే లోహము పనికివచ్చుట నాబోటి భాషోపాధ్యాయునకు వింతగా తోచును. కాని గుండు గొట్టముకంటె వెంట్రుకవాసి సన్నమైనను వేడి వాయువులు ప్రక్కలనుండి దూసికొనిపోవును. సీసము కరగి గొట్టమున కంటుకొనును. మరుసటి గుండు ఆ మురికిమీదనే నడువవలెను. మెత్తని గుండు వెనుకటి ఒత్తిడికి ఉబ్బి సందును పూడ్చుకొనగలదు. అతి కఠినమైనదానికి ఆ గుణమును లేదు. కావలసినది కాఠిన్యము కాదు, ఒదుగుదల.

రివాల్వరులో ఈ ఒదుగుదల మరింత కష్టము. రైఫిలుకు గది ఒక్కటి, దీనికి ఆరు. గుండు చక్రపు గదిని విడిచి, సందు దాటి, గొట్టములో ప్రవేశింపవలెను. గది ముందుభాగమును కంఠ మందము. అది గొట్టముకంటె ఇరుకైనచో గుండును నొక్కి సన్నము చేసి పంపును. ఆ గుండు గొట్టములో వదులుగా పరుగెత్తును. పేరు .44 అయినను గొట్టపు గాడుల అడుగున కొలత అంగుళములో సుమారు 429 వేయవ వంతులే. కంఠము దానికంటె ఒకటి రెండు వంతులు హెచ్చుగా, గుండు ఆ కంఠమునకు సరిగా నుండవలెను. పరీక్ష సులభము: విడదీసిన ఖాళీ చక్రపు కంఠమున గుండును నిలిపినచో తనంత జారిపడరాదు, వ్రేలితో నొత్తిన మెల్లగా పోవలెను.

మరియొక విషయము. మొన నొక్కుకొన్న గుండును పారవేయువారు కలరు. పాదము చెడినదానిని మాత్రము గమనింపరు! ఫ్రాంక్లిన్ మాన్ అను అమెరికన్ పరిశోధకుడు గుండ్లను బుద్ధిపూర్వకముగా చెక్కి కాల్చిచూచి 1909 లో గ్రంథము ప్రకటించినాడు. మొన దెబ్బతిన్న గుండు ఇంచుమించు సరిగానే పోయినది. పాదమున దోషమున్నది దారి తప్పినది.

మన దేశమున 1959 నాటి ఆయుధ చట్టము ప్రకారము అనుమతి లేక తూటాలు చేయుట నేరము. సీసము ఎచ్చట కరగించినను దాని ధూళి, పొగ విషము. కావున విద్యార్థులు దీనిని లోహశాస్త్రముగా చదువుకొనిన చాలును.

అనుభవజ్ఞులు ఆరు గదులకును అంకెలు వేసి, ఏ గది గుండు ఎచ్చట పడినదో వ్రాసికొందురు. అయిదు ఒకచోట పడి, ఒకే గది గుండు ప్రతిసారి ప్రక్కకు పోవుచున్నచో ముందు ఆ కంఠమును కొలుతురు. అది ఇరుకని తేలినచో నిపుణునిచే కొద్దిగా తొలిపించి, మిగిలినవానితో సమము చేయింతురు.