మంచికంటికి గంత

ముందుగా ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి. నోటుపుస్తకంలోని కాగితం ఒకటి తీసుకొని రెండు వేళ్ల లావున గొట్టంగా చుట్టండి. దానిని కుడికంటికి ఆనించి దూరంగా ఉన్న గోడను చూడండి. ఎడమ అరచేతిని ఎడమకంటికి ఎదురుగా, జానెడు దూరంలో, గొట్టాన్ని తాకుతూ ఉండేటట్లు నిలపండి. రెండు కళ్లూ తెరిచే ఉండాలి. అరచేతి నడుమ గుండ్రని రంధ్రం పడినట్లూ, అందులోనుంచి గోడ కనబడుతున్నట్లూ తోస్తుంది.

చేతికి రంధ్రం లేదు గదా! మరి అది ఎక్కడినుంచి వచ్చింది? కుడికన్ను గోడను చూచింది, ఎడమకన్ను చేతిని చూచింది. మెదడు ఆ రెండు బొమ్మలనూ ఒకటిగా అతికింది. అంటే కళ్లు బొమ్మలను అందించేవే గాని, చూచేది మెదడు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకొంటే, ఆరోగ్యంగా ఉన్న కంటిని కప్పి రెండవ కంటికి చికిత్స చేయడమనే వింతపద్ధతి సులభంగా బోధపడుతుంది.

మన రెండు కళ్ల నడుమ దూరం సుమారు 6 సెంటీమీటర్లు. అందుచేత ఒకే వస్తువును అవి కొంచెం వేర్వేరు కోణాలనుంచి చూస్తాయి. ఆ స్వల్పభేదాన్నిబట్టే మెదడు లోతును గ్రహిస్తుందని 1838లో ఇంగ్లండులో చార్లెస్ వీట్‌స్టన్ నిరూపించాడు. ఒక కన్ను మూసుకొని సూదిలో దారం ఎక్కించబోతే ఆ లోతు విలువ ఏమిటో తెలిసిపోతుంది.

రెండు బొమ్మలూ ఇంచుమించు ఒక్కతీరుగా ఉన్నంతకాలం ఏ చిక్కూ లేదు. కాని ఒక పసిబిడ్డకు మెల్లకన్ను ఉన్నదనుకొందాము. ఒక కన్ను బిడ్డ చూడదలచిన వస్తువు మీద, రెండవది మరొక చోట నిలుస్తుంది. లేదా కళ్లు తిన్నగానే ఉండి, ఒకదానికి దీర్ఘదృష్టి ఎక్కువగా ఉన్నదనుకొందాము. అప్పుడు ఒక బొమ్మ స్పష్టం, ఒకటి మసక. పొసగని బొమ్మలను అతకలేక మెదడు మసకదానిని పట్టించుకోవడం మానివేస్తుంది. అలా నిరాదరణకు గురైన కన్ను నిర్మాణంలో చక్కగానే ఉండి కూడా చూపు కోల్పోతుంది. దీనినే సోమరికన్ను అంటారు, వైద్యుల మాటలో ఆంబ్లియోపియా. పేరు కొంత అన్యాయమైనదే. సోమరితనం కంటిది కాదు, మెదడుది.

మెల్లకన్ను అయితే ఇంటిల్లిపాదికీ కనబడుతుంది. కళ్లు తిన్నగా ఉన్న బిడ్డ సంగతే ప్రమాదకరం. ఆ బిడ్డ ఒక కంటితోనే చదువుతుంది, ఆడుతుంది. ఏనాడూ ఫిర్యాదు చేయదు. ఇతరులు రెండు కళ్లతో చూస్తున్నారని దానికి ఎలా తెలుస్తుంది? పెద్దయిన తరువాత ఏ రైల్వే ఉద్యోగానికో జరిగే వైద్యపరీక్షలో మంచికన్ను మూసి పటం చదవమన్నప్పుడు గాని కొందరికి ఈ లోపం బయటపడదు. అప్పటికి కాలం మించిపోయి ఉంటుంది.

కాలం ఎందుకు మించుతుంది? దీనికి జవాబు పిల్లికూనలు చెప్పాయి. హార్వర్డులో డేవిడ్ హ్యూబెల్, టోర్స్టెన్ వీసెల్ అనే శాస్త్రజ్ఞులు పుట్టిన కొద్దిదినాలకే కూనల ఒక కంటి రెప్పలను మూసి కుట్టి, రెండు మూడు నెలల తరువాత తెరిచి చూచారు. కన్ను ఆరోగ్యంగానే ఉన్నది, వెలుతురు పడితే కంటిపాప ముడుచుకొంటున్నది. కాని మెదడులో చూపుకు సంబంధించిన కణాలు దాదాపు అన్నీ రెండవ కంటికే పలుకుతున్నాయి. మూసిన కంటి వాటాను తెరిచిన కన్ను ఆక్రమించుకొన్నది. పెద్దపిల్లికి ఇదే పని చేస్తే ఏ మార్పూ కలగలేదు. ఈ ఫలితాలు 1963లో వెలువడినవి. వారిద్దరికీ 1981లో నోబెల్ బహుమానం లభించింది.

1974లో బ్లేక్‌మోర్, వాన్ స్లూటర్స్ అనేవారు మరొక అడుగు వేశారు. మూసిన కంటిని తెరిచి, అదే సమయాన రెండవదానిని మూసి చూచారు. ఐదు వారాల వయసులో ఇలా మార్చితే కణాలు దాదాపు పూర్తిగా తిరిగి మొదటి కంటి పక్షానికి వచ్చినవి. పద్నాలుగు వారాలకు మార్చితే ఇంచుమించు ఏమీ జరగలేదు. మనుష్యులలో ఈ గడువు వారాలు కాదు, సంవత్సరాలు. కాని గడువు ఉన్నమాట నిజం.

గానుగెద్దు కళ్లకు గంతలు కట్టడం చూడకుండా ఉండడానికి. ఇక్కడ గంత కట్టడం చూడడానికే. మంచికన్ను మూసుకొని ఉంటే మెదడుకు వేరే దారి లేక సోమరికన్ను పంపే బొమ్మను స్వీకరించవలసి వస్తుంది. ఈ ఉపాయం కొత్తది కాదు. ఫ్రెంచి ప్రకృతిశాస్త్రజ్ఞుడు బుఫాన్ 1743లోనే మెల్లకంటికి దీనిని సూచించాడు. ఎంతసేపు కట్టాలనే విషయం మాత్రం రెండున్నర శతాబ్దాల పాటు ఎవరి ఊహ వారిది. కొందరు వైద్యులు మేల్కొని ఉన్నంతసేపూ కట్టించేవారు. అమెరికాలోని పిల్లల నేత్రవ్యాధుల పరిశోధక బృందం 2003లో దీనికి ఒక కొలత తెచ్చింది. ఏడేండ్ల లోపు పిల్లలలో, లోపం మధ్యరకంగా ఉన్నప్పుడు, రోజుకు రెండు గంటలు కట్టినా ఆరు గంటలు కట్టినా నాలుగు నెలల తరువాత ఫలితం ఒక్కటే. లోపం తీవ్రమైతే ఆరు గంటలు కట్టినా రోజంతా కట్టినదానితో సమానమే. తగిన కళ్లజోడు పెట్టడం వీటన్నిటికంటె ముందు జరగవలసిన పని. మసకబొమ్మను ఎంతసేపు చూపినా మెదడు ఏమి నేర్చుకొంటుంది? కొందరు పిల్లలకు కళ్లజోడు ఒక్కదానితోనే చూపు సమమవుతుంది, గంత అవసరమే రాదు.

పూర్తిగంతకు చిక్కులు రెండు. అది ఉన్నంతసేపు రెండు కళ్లు కలిసి పనిచేసే అవకాశం లేదు. రెండవది, పిల్లలు దానిని భరించరు. మన ఎండలకు చెమటపట్టి అంటుపట్టీ ఊడిపోతుంది, చర్మం ఒరుసుకొంటుంది. బడిలో తోటిపిల్లల వెక్కిరింత ఒకటి. అందుచేత పాక్షికంగా కప్పే పద్ధతులు వచ్చినవి. ఒకటి మంచికంటివైపు అద్దానికి పలుచని మసకపొర అంటించడం. స్విట్జర్లండు నేత్రవైద్యుడు బాంగర్టర్ పేరుతో ఈ పొరలు ప్రసిద్ధి. మంచికన్ను పూర్తిగా మూసుకుపోదు, దాని పైచేయి మాత్రం తగ్గుతుంది. మరొకటి మంచికంటిలో ఎట్రోపిన్ చుక్కలు. కటకం తాత్కాలికంగా బిగువు మార్చుకోలేక దగ్గరి చూపు మసకవుతుంది. ఇది కనిపించని గంత. ఈ చుక్కల ప్రభావం పూర్తిగంతకు ఇంచుమించు సమానమని 2002లోనూ, మసకపొరకూ రెండు గంటల గంతకూ తేడా పటంలో అర వరుసకు మించదని 2010లోనూ అదే బృందం తేల్చింది. అద్దంలో ముక్కువైపు సగాన్ని మాత్రమే కప్పే పద్ధతీ ఉన్నది గాని, దానికి ఇంతటి పరీక్ష జరగలేదు.

ఏ రకమైన గంత అయినా వైద్యుని పర్యవేక్షణలోనే సాగాలి. హద్దు మీరి కప్పితే మంచికన్నే వెనుకపడే ప్రమాదం ఉన్నది. పిల్లికూనల కథ అటూ ఇటూ వర్తిస్తుంది గదా!

ఇక్కడ ఒక గందరగోళాన్ని విడదీయవలసి ఉన్నది. పాక్షికగంతను వైద్యులే గాక, సహజదృష్టి సాధన నేర్పేవారు కూడా వాడుతున్నారు. ఈ సాధనకు మూలపురుషుడు న్యూయార్కు వైద్యుడు విలియం హొరేషియో బేట్స్. కళ్లజోడు లేకుండానే చూపు చక్కబడుతుందని 1920లో పుస్తకం వ్రాశాడు. నవలాకారుడు ఆల్డస్ హక్స్లీ 1942లో ఆ పద్ధతిని సమర్థిస్తూ మరొకటి వ్రాశాడు. మన దేశంలో పాండిచేరి కేంద్రంగా డాక్టర్ ఆర్. ఎస్. అగర్వాల్ దీనిని ప్రచారం చేశాడు. అరచేతులతో కళ్లు కప్పుకోవడం, చూపును ఊగించడం ఇందులోని అభ్యాసాలు. తరువాతివారు కనుబొమల నడుమ చిన్న కాగితం అంటించి పక్కచూపుతో చేతుల కదలికను గమనించడం, బలమైన కంటిని కొంత కప్పి నడవడం చేర్చారు.

సోమరికంటికి అవకాశమివ్వాలన్న ఆలోచనలో తప్పు లేదు. అది మన పిల్లికూనల పాఠమే. తప్పు హ్రస్వదృష్టిని కూడా ఈ అభ్యాసాలు పోగొడతాయనడంలో ఉన్నది. కంటి వెలుపలి కండరాలు గుడ్డును నొక్కి పొడవు మార్చడంవల్లనే దగ్గరి వస్తువులు కనబడతాయని బేట్స్ నమ్మాడు. అతనికి నూరేండ్లకు పైగా ముందే, 1801లో, థామస్ యంగ్ దీనికి జవాబు చెప్పి ఉన్నాడు. తన కంటికి నీటితో నిండిన గొట్టం ఆనించి కార్నియా అనే ముందుపొర శక్తిని రద్దుచేశాడు. అయినా దగ్గరిచూపు సర్దుబాటు నిలిచింది. గుడ్డును ముందూ వెనుకా లోహపు వలయాలతో బంధించి పొడవు మారే వీలు లేకుండా చేశాడు, అప్పుడూ నిలిచింది. కటకం తీసివేసిన కళ్లలో మాత్రం అది కానరాలేదు. కనుక సర్దుబాటు చేసేది కటకమే. హ్రస్వదృష్టి ఉన్న కన్ను సాధారణంగా పొడవు పెరిగిన కన్ను. ఒక మిల్లీమీటరు పెరిగితే సుమారు రెండున్నర డయాప్టర్ల లోపం వస్తుంది. కాగితం అంటించినా, చేతులు ఊపినా ఆ మిల్లీమీటరు తగ్గదు. సాధనవల్ల మసకబొమ్మలోని అక్షరాలను ఊహించి చదివే నేర్పు కొంత పెరగవచ్చును. దానినే చూపు వచ్చిందని భ్రమపడతారు. బేట్స్ చెప్పిన సూర్యదర్శనం మాట తలపెట్టనే కూడదు. సూర్యుని తేరిచూస్తే నేత్రపటలం కాలిపోతుంది.

పెద్దవారు ఇటువంటి సాధనతో పొద్దుపుచ్చితే పోయేది కాలమే. ఐదేండ్ల బిడ్డకు కళ్లజోడు మానిపించి సాధన చేయిస్తే, పోయిన కాలం తిరిగి రాదు. ఏడు నుంచి పన్నెండేండ్ల పిల్లలపై 2005లో వెలువడిన పరీక్షలో కళ్లజోడుతో పాటు గంత, చుక్కలు వాడినవారిలో 53 శాతం మందికి చూపు గుర్తించదగినంతగా మెరుగైంది. కళ్లజోడు మాత్రమే వాడినవారిలో 25 శాతం మందికే. పదమూడేండ్లు దాటినవారిలో అంతకుముందు గంత గాని చుక్కలు గాని వాడనివారికి మాత్రమే కొంత ప్రయోజనం కనబడింది.

ఉపాధ్యాయులు చేయగలిగిన పని చాలా ఉన్నది. ఆరు మీటర్ల దూరంలో అక్షరాల పటం వ్రేలాడదీసి, ప్రతి విద్యార్థి చేతా ఒక్కొక్క కంటితో విడివిడిగా చదివించాలి. చదువురాని చిన్నపిల్లలకు నాలుగు దిక్కులకూ తిప్పిన ఈ అక్షరాన్ని చూపి, దాని కాళ్లు ఎటున్నాయో చేతితో చూపమనాలి. కంటిని వేళ్లతో మూయనీయకండి, సందులోనుంచి తొంగిచూస్తారు. అరచేయి గాని అట్టముక్క గాని మేలు. గట్టిగా నొక్కితే కన్ను మసకబారి పరీక్ష తప్పుతుంది. ఒక కంటికీ రెండవ కంటికీ రెండు వరుసల తేడా వచ్చినా, ఒక కన్ను మూయబోయినప్పుడు మాత్రమే బిడ్డ పెనుగులాడినా, నేత్రవైద్యుని వద్దకు పంపాలి.

గంత కట్టిన పిల్లవాడు తరగతిలో ఉంటే అతనిని ముందుబల్ల మీద కూర్చోబెట్టండి. ఆ రెండు గంటలూ అతడు చూస్తున్నది బలహీనమైన కంటితోనని, వ్రాత ఆలస్యమవుతుందని గుర్తుంచుకొనండి. పాఠాలు ముఖ్యమైనప్పుడు గంతను సాయంత్రానికి మార్చుకోవచ్చును. గంత ఉన్నంతసేపూ పూసలు గుచ్చడం, బొమ్మలకు రంగులు వేయడం వంటి దగ్గరి పనులే చేయాలన్న నియమం లేదు. ఆటలాడినా ఫలితం ఒకటేనని 2008 నాటి పరీక్ష చెప్పింది. చూపు బాగుపడిన తరువాత గంత తీసివేసిన పిల్లలలో సుమారు నాలుగవ వంతుమందికి ఏడాదిలోగా అది మళ్లీ తగ్గుతుంది. అందువల్ల గంత మానిన తరువాత కూడా ఒక సంవత్సరం పాటు రెండు మూడు నెలలకు ఒకసారి ఆ కంటిని పరీక్ష చేయించుతూ ఉండాలి.