నాన్న ఎందుకు నవ్వాడు?

ఈ మధ్య మా సంఘంలోని ఒక సోదరి ఆరాధన అయ్యాక నా దగ్గరికి వచ్చారు. సెలవు రోజున ఇంట్లో అందరూ కూర్చుని ‘ష్రెక్’ అనే యానిమేషన్ సినిమా చూస్తున్నారట. ఒక చోట భర్త పగలబడి నవ్వారు. ఏడేళ్ల కొడుకు తెర వైపు చూసి, తండ్రి వైపు చూసి, “నాన్నా, ఎందుకు నవ్వావు?” అన్నాడు. ఆయన చెప్పబోయి, “నీకు తెలియదులే” అని ఊరుకున్నారు. “పిల్లల సినిమాలో పిల్లలకు అర్థం కాని జోకులెందుకు అయ్యగారూ? ఏదైనా చెడ్డ మాట దాచి పెట్టారేమోనని భయమేసింది. ఇలాంటివి చూపించవచ్చా?” అన్నారామె.

ఏ సన్నివేశమని అడిగాను. అడవిలో ఫియోనా యువరాణి రాబిన్‌హుడ్ మనుషులతో పోరాడే చోట అన్నారు. ఆమె గాలిలోకి ఎగిరి, తన్నబోయే ముందు అలాగే ఆగిపోతుంది. కెమెరా చుట్టూ తిరుగుతుంది. ఆ తీరికలో ఆమె జుట్టు సరిచేసుకుని, అప్పుడు తంతుంది. 1999లో వచ్చిన ‘ది మేట్రిక్స్’ సినిమాలోని పోరాట దృశ్యానికి అది పేరడీ. తండ్రి ఆ సినిమా చూశాడు, నవ్వాడు. కొడుకు చూడలేదు. అందులో చెడ్డ మాటేమీ లేదు. అదే సినిమాలో పెద్దలకు ఉద్దేశించిన ద్వంద్వార్థపు మాటలు కొన్ని వేరే చోట్ల ఉన్నాయి. వాటి కోసం తల్లిదండ్రులు ముందుగా ఒకసారి చూసుకోవడం మంచిది. ఆ సంగతి వేరు, ఈ సంగతి వేరు.

జనానికి బాగా తెలిసిన సినిమానో, నటుణ్ణో, ప్రకటననో గుర్తు చేసి నవ్వించడం యానిమేషన్‌లో పాత పద్ధతే. 1941లో వార్నర్ బ్రదర్స్ తీసిన ‘హాలీవుడ్ స్టెప్స్ అవుట్’ అనే చిన్న కార్టూన్ నిండా ఆనాటి తారల వ్యంగ్య చిత్రాలే: క్లార్క్ గేబుల్, గ్రేటా గార్బో, ఇంకా ఎందరో. ఆ రోజుల్లో కార్టూన్లు థియేటర్‌లో అసలు సినిమాకు ముందు వేసేవారు. చూసేవారిలో పెద్దలే ఎక్కువ కాబట్టి అది చెల్లింది. ఇప్పుడు ఆ కార్టూన్ చూపిస్తే ఆ ముఖాలను మన పిల్లలు కాదు, మనమే గుర్తుపట్టలేం.

1992లో డిస్నీవారి ‘అలాద్దీన్’ వచ్చింది. దీపంలోని భూతానికి రాబిన్ విలియమ్స్ గొంతు ఇచ్చాడు. ఆ భూతం ఒక నిమిషం ఎడ్ సల్లివన్‌లా, మరో నిమిషం జాక్ నికల్సన్‌లా, ఇంకో నిమిషం ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగ్గర్‌లా మారిపోతుంది. ఎడ్ సల్లివన్ టీవీ కార్యక్రమం 1971లోనే ఆగిపోయింది. మరి 1992లో హాలులో ఉన్న పిల్లలు ఎందుకు నవ్వారు? అతనెవరో తెలిసి కాదు. ఆ గొంతు, ఆ ముఖం, ఆ వేగం చూసి నవ్వారు. పక్కన కూర్చున్న తండ్రి గుర్తుపట్టి నవ్వాడు. టికెట్ కొనేది తండ్రి కదా! ఇద్దరినీ కూర్చోబెట్టాలంటే ఇద్దరికీ ఏదో ఒకటి వడ్డించాలి.

మన భాషలోనూ ఇది జరిగింది. 2019లో ‘ది లయన్ కింగ్’ తెలుగులోకి వచ్చినప్పుడు టిమోన్‌కు అలీ, పుంబాకు బ్రహ్మానందం గొంతులిచ్చారు. పుంబా నోరు తెరవగానే మనకు నవ్వొస్తే అది అడవి పందిని చూసి మాత్రమే కాదు. ఎన్నో ఏళ్లుగా చూసిన తెలుగు సినిమాలన్నీ ఆ గొంతులో వినిపిస్తాయి. తెలుగు సినిమా ఎరుగని మనిషికి అదే గొంతు మామూలు గొంతు.

కాబట్టి ఈ హాస్యం పూర్తిగా తెరమీద ఉండదు. సగం చూసేవాడి జ్ఞాపకంలో ఉంటుంది. అందుకే అంత త్వరగా పేలుతుంది, అంత త్వరగా పాతబడుతుంది కూడా. మరి ఏది నిలుస్తుంది? 2003లో వచ్చిన ‘ఫైండింగ్ నీమో’లో బ్రూస్ అనే సొరచేప ఉంది. 1975 నాటి ‘జాస్’ చిత్రీకరణలో వాడిన యంత్రపు సొరచేపకు అక్కడివారు పెట్టుకున్న ముద్దుపేరు అది. ఈ సంగతి తెలిసినవారు నవ్వుకుంటారు. తెలియనివారికి ఏమైనా నష్టమా? లేదు. చేపలను తిననని ఒట్టు పెట్టుకున్న ఆ సొరచేప, నెత్తుటి వాసన తగలగానే ఒట్టు మరచి వెంటపడుతుంది. ఏ పిల్లవాడికైనా అది అర్థమవుతుంది. రోమా పత్రిక 7వ అధ్యాయం చదివిన మనకు ఇంకొంచెం ఎక్కువగా అర్థమవుతుంది. ఆ పేరు తీసేసినా కథ నిలుస్తుంది. సూచన తీసేస్తే ఏమీ మిగలకపోతే, అక్కడ మొదటినుంచీ కథ లేదన్నమాట.

ఈ కొలత సినిమావాళ్లకు పెట్టి ఊరుకుంటే బాగుండేది. కానీ అది నాకూ తగులుతోంది. కొన్నేళ్ల క్రితం ఒక యౌవనస్థుల కూడికలో, అప్పట్లో అందరి నోటా ఉన్న సినిమా డైలాగుతో ప్రసంగం మొదలుపెట్టాను. హాలంతా ఈలలు, చప్పట్లు. నాకూ సంతోషమే. నెల తర్వాత ఆ కూడికకు వచ్చిన ఒక తమ్ముడు కనబడి, “ఆ రోజు అదరగొట్టారు అయ్యగారూ” అంటూ ఆ డైలాగు మళ్లీ చెప్పాడు. ఏ వాక్యభాగం మీద మాట్లాడానో అడిగాను. అతనికి గుర్తులేదు. తప్పు అతనిది కాదు. నేను గుర్తుండేలా చెప్పింది ఆ డైలాగునే.

అలాగని లోకపు మాటలు ఎత్తకూడదా? అపొస్తలుడైన పౌలు ఏథెన్సులో అరేయొపగు మధ్య నిలిచి, ఆ ఊరివారికి తెలిసిన కవుల మాటనే ఎత్తాడు (అపొ. కార్య. 17:28). కానీ అక్కడ ఆగలేదు. మూడు వచనాలు తిరగకముందే మారుమనస్సు, తీర్పు, మృతుల పునరుత్థానం దాకా వచ్చాడు. అప్పుడు కొందరు అపహాస్యం చేశారు, కొందరు విశ్వసించారు. తెలిసిన మాటతో వారిని దగ్గరికి పిలిచాడు, తెలియని సంగతి చెప్పి పంపాడు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. యోహాను 3:16 మన సండే స్కూలు పిల్లలందరికీ కంఠస్థమే. దానికి రెండు వచనాల ముందు, 14వ వచనంలో, ప్రభువు నీకొదేముతో మాట్లాడుతూ మోషే అరణ్యంలో సర్పాన్ని ఎత్తిన సంగతి గుర్తు చేస్తారు. ఆ కథంతా మళ్లీ చెప్పరు. ఒక్కసారి ప్రస్తావిస్తారు. నీకొదేము ఇశ్రాయేలుకు బోధకుడు, అతనికి అది చాలు. మన పిల్లల్లో ఎంతమందికి చాలుతుంది? సంఖ్యాకాండము 21వ అధ్యాయం ఇంట్లో ఎప్పుడూ వినని పిల్లవాడు, ఆ వచనం దగ్గర ‘ష్రెక్’ ముందు కూర్చున్న ఆ ఏడేళ్ల బాబులాగే ఉంటాడు. పెద్దలకు ఏదో అర్థమైంది, తనకు కాలేదు. సినిమాలో పోయేది ఒక నవ్వు. ఇక్కడ పోయేది సిలువ అర్థం.

ఆ సోదరికి నేనిచ్చిన జవాబు ఇదే. అమ్మా, చూపించవచ్చు. అయితే మీరూ పక్కన కూర్చోండి. బాబు “ఎందుకు నవ్వావు?” అంటే “నీకు తెలియదులే” అనవద్దని నాన్నగారితో చెప్పండి. ఒక్క నిమిషం ఆపి, తాను కుర్రవాడిగా చూసిన సినిమా సంగతి చెప్పమనండి. కొడుక్కి తండ్రి చిన్ననాటి ముచ్చట ఒకటి దొరుకుతుంది. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో సంఖ్యాకాండము 21:4-9 చదివి, వెంటనే యోహాను 3వ అధ్యాయం తెరవండి. ఆ పాము దగ్గరికి రాగానే బాబు ముఖం చూడండి.