వ్రేలికొసన అక్షరం

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషనులో నేలమీద గరుకు పలకల బాట ఒకటి ఉన్నది. 2018లో రైలు ఎల్.బి. నగర్ దాకా వచ్చిన నాటినుండి ఎందరో దానిని త్రొక్కి పోతూనే ఉన్నారు. అది చూపులేనివారి దారి అని గమనించినవారు కొద్దిమంది కాబోలు. లిఫ్టు మీటల దగ్గరి బ్రెయిలీ చుక్కల సంగతీ అంతే. ఆ చుక్కలను తడిమేది వ్రేలు; చదివేది మెదడులోని ఏ భాగం?

మెదడు తన చోటును అవయవాల పరిమాణాన్నిబట్టి పంచదు. మాంట్రియల్ వైద్యుడు పెన్‌ఫీల్డ్, సహచరునితో కలసి, మెలకువగా ఉన్న రోగుల మెదడును శస్త్రచికిత్సవేళ స్వల్ప విద్యుత్తుతో తాకి, ఎక్కడ తాకితే ఏ అంగంలో స్పర్శ తోస్తుందో 1937లో ప్రకటించాడు. వీపంతటికీ దక్కినది చిన్న చెక్క. పెదవులకూ వ్రేళ్ళకూ విశాలమైన పొలం.

అంతకన్న పెద్ద పాలు చూపుది. మెదడు వెనుక భాగం దాని మాగాణి. పుట్టుకతో చూపులేనివారిలో అది బీడుపడి ఉంటుందా? ఒక ఇంద్రియం పోతే మరొకటి దానంతటదే పదునెక్కుతుందని లోకం అనుకుంటుంది. సాధన లేనిదే వ్రేలికి చదువు రాదు. అయితే చిన్ననాడే చూపు పోయినవారు బ్రెయిలీ చదువుతుండగా పరీక్షిస్తే, చూపుకు చెందిన ఆ భాగమే పనిచేస్తున్నట్లు 1996లో వెల్లడి అయినది.

పనిచేసినంతమాత్రాన అది లేనిదే చదువు సాగదనవచ్చునా అని తర్కం తెలిసిన విద్యార్థి అడుగుతాడు. 2000లో వైద్యులు ప్రకటించిన ఉదంతమొకటి దానికి జవాబు. పుట్టుకనుండి చూపులేని ఒక స్త్రీ బ్రెయిలీ చదువులో దిట్ట. రక్తం అందక ఆమె మెదడు వెనుక భాగం రెండు ప్రక్కలా దెబ్బతిన్నది. స్పర్శ పోలేదు, కాగితంమీద చుక్కలున్నవని వ్రేలికి తెలుస్తూనే ఉన్నది. అవి ఏ అక్షరాలో మాత్రం ఆమెకు తెలియరాలేదు.