కిలిమంజారోకు అయిదు రోజులా.. ఏడు రోజులా?

భువనగిరి: ఇక్కడి ఖిల్లా బండపై శిక్షణ పొందిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ 2014 మే 25న ఎవరెస్టును అధిరోహించిన నాటి నుంచి తెలుగు గ్రామాల్లో పర్వతారోహణపై మక్కువ పెరిగింది. పలువురు యువకులు తొలి విదేశీ శిఖరంగా టాంజానియాలోని కిలిమంజారోను ఎంచుకుంటున్నారు. ఆఫ్రికాలోకెల్లా ఎత్తయిన ఈ పర్వతం 5,895 మీటర్లు ఉంటుంది. మామూలు దారుల్లో తాళ్లు, మంచుగొడ్డళ్లతో పనిలేదు. ఎన్ని రోజుల్లో నడవాలన్నదే చిక్కు.

'దాతలు ఆదుకోవాలి' అంటూ ఇటువంటి యువకుల విజ్ఞప్తులను ఈ విలేకరి సైతం పలుమార్లు రాశాడు. ఎంత సొమ్ము కావాలో రాశాడే తప్ప, దానితో ఎన్ని రోజుల యాత్ర అని ఒక్కసారీ అడగలేదు. అడగవలసిన మొదటి ప్రశ్న అదే.

చౌకగా దొరికేది మరంగు దారిలో అయిదు రోజుల యాత్ర. ఈ ఒక్క దారిలోనే పడుకోవడానికి గుడిసెలు ఉంటాయి. మొదటి రాత్రి బస మందారా (సుమారు 2,720 మీటర్లు), రెండో రాత్రి హోరోంబో (3,720), మూడో రోజు కిబో (4,720). ఆ అర్ధరాత్రే శిఖరానికి బయలుదేరాలి. తెల్లవారేసరికి మరో 1,200 మీటర్ల మేర ఎక్కి, అదే రోజు తిరిగి హోరోంబోకు దిగాలి.

ఇబ్బందంతా ఈ లెక్కలోనే ఉంది. 3,000 మీటర్లు దాటిన తర్వాత పడుకునే చోటు ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచరాదని, మూడు నాలుగు రోజులకొకసారి అదే ఎత్తులో ఆగాలని వైద్యులు చెబుతారు. ఇక్కడ రాత్రికి వెయ్యి మీటర్లు పెరుగుతోంది. శిఖరం వద్ద గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో సుమారు సగమే. ఊపిరికి అందే ప్రాణవాయువూ అంతే. దానికి శరీరం అలవాటు పడటానికి రోజులు పడుతుంది. కండబలం, పరుగు పందేల పతకాలు ఇందుకు అక్కరకు రావు. బలమైనవారే వేగంగా నడిచి ముందుగా పడకేయడం కద్దు. 'పోలే పోలే' (మెల్లమెల్లగా) అని అక్కడి గైడ్లు దారిపొడవునా హెచ్చరించేది అందుకే. మన సాధన సైతం అంతంతే. తెలుగు నేలపై ఎంతటి ఎత్తయిన కొండయినా 1,700 మీటర్లు దాటదు. మరంగు ప్రవేశద్వారమే 1,800 మీటర్లకు పైన ఉండటం గమనార్హం.

ఏడు రోజుల మచామే దారి తీరు వేరు. మూడో రోజు లావా టవర్ వద్ద సుమారు 4,600 మీటర్లకు ఎక్కించి, రాత్రికి 4,000 మీటర్ల లోపున్న బరాంకోకు దింపుతారు. పైకి ఎక్కి కింద పడుకోవడం వల్ల శరీరం కుదురుకుంటుంది. మర్నాడు కరంగాలో ఆగి, ఆ తర్వాతే చివరి మజిలీ బరాఫుకు చేరతారు. అయితే ఆరు రాత్రులూ గుడారాల్లోనే గడపాలి, చలి ఎక్కువ. బరాంకో గోడ వద్ద చేతులతోనూ పాకాలి. ఇదే దారిని ఆరు రోజులకు కుదించినవారు కరంగా బసను ఎత్తేస్తారు. అలసిన కాళ్లతో ఆ రాత్రే శిఖరానికి బయలుదేరవలసి వస్తుంది.

నడిమి మార్గం లేకపోలేదు. మరంగులోనే ఆరు రోజులు తీసుకుని, హోరోంబోలో అదనంగా ఒక రోజు ఉండి, పైకి నడిచి మళ్లీ అక్కడికే దిగి పడుకోవచ్చు. గుడారం చలి పడనివారికి, సొమ్ము చాలనివారికి ఇది మేలు. ఇక సమీపంలోనే ఉన్న, 4,500 మీటర్లు దాటిన మేరు పర్వతాన్ని కొద్ది రోజుల ముందే ఎక్కి వచ్చినవారికి అయిదు రోజులైనా సరిపోవచ్చు.

పార్కు రుసుము, గైడ్లు, కూలీల వేతనాలు రోజుల లెక్కన ఉంటాయి గనుక రోజు పెరిగితే ఖర్చూ పెరుగుతుంది. విమాన చార్జీ, వీసా మాత్రం అయిదు రోజులకైనా ఏడు రోజులకైనా అంతే. చందాలతో వెళ్లినవారు కిబో నుంచి వెనుదిరిగితే ఆ మొత్తమూ వృథాయే.

వెనుదిరగడానికి వెనుకాడితే అంతకన్నా ప్రమాదం. తలనొప్పి, వికారం, ఆకలి మందగించడం తొలి లక్షణాలు. అవి తగ్గేదాకా పైకి వెళ్లరాదు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, నడక తూలినా, మాట తడబడినా వెంటనే కిందికి దింపాలి, అది అర్ధరాత్రయినా సరే. డయామాక్స్ మాత్రలు వైద్యుని సలహాపైనే వాడాలి. సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి ముందే చెప్పాలి. మాత్ర ఉంది కదా అని రోజులు తగ్గించుకోరాదు.

జనవరి 26, ఆగస్టు 15 తేదీల్లో శిఖరంపై జెండా ఎగరేయాలనే కోరిక మనవారికి ఎక్కువ. ఆ తేదీ కోసం రోజులు కుదించుకోవడం కన్నా రెండు రోజులు ముందే బయలుదేరడం మంచిది. డబ్బు కట్టే ముందు ఏ రాత్రి ఏ ఎత్తులో బసో నిర్వాహకుల చేత కాగితంపై రాయించుకోవాలి. అది రాసివ్వడానికి తటపటాయిస్తే మరొకరిని చూసుకోవాలి.