ఖాళీ కార్ట్రిడ్జి: పంచాయతీకి ఆదాయము

పన్ను రసీదు మొదలు జనన ధ్రువపత్రము వరకు నేడు పంచాయతీ కాగితములు ప్రింటరు నుండియే వెలువడుచున్నవి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయములు ఆరంభమైన పిదప ఈ యంత్రములు మారుమూల గ్రామములకును చేరినవి. పొడి తీరిన కార్ట్రిడ్జిని మాత్రము చెత్తబండిలో వేయుట పరిపాటియైనది. అది సొమ్మును పారవేయుటయే.

లేసర్ ప్రింటరు కార్ట్రిడ్జి వట్టి పొడిడబ్బా కాదు. అందు వెలుతురునకు స్పందించు డ్రమ్ము, దానిని తుడుచు బ్లేడు, రోలర్లు ఉండును. హెచ్.పి. వారి 12ఎ రకము సుమారు 2,000 పుటలతో ఖాళీయగును గాని దాని దేహము చెడదు. అరిగిన భాగములు మార్చి, పొడి నింపి తిరిగి అమ్ము పరిశ్రమలు కలవు. కావుననే ధర ప్లాస్టిక్ బరువునుబట్టి గాక కార్ట్రిడ్జి స్థితినిబట్టి పలుకును. ఒక్కమారును తిరిగి నింపని అసలు కంపెనీ సరకునకు గిరాకి హెచ్చు. రంధ్రము పొడిచి పలుమార్లు నింపించినదానిని అడుగువారు తక్కువ.

ఇచట లెక్క చూచుకొనవలెను. ఖాళీదానిని అమ్మగా వచ్చు వెలకంటె, నింపించుకొని వాడి కొత్తది కొనకుండుటవలన మిగులునదే చిన్న పంచాయతీకి మేలని మేము తలంచుచున్నాము. అమ్మదలచినవానిని నల్లని సంచిలో భద్రపరచవలెను. ఎండ సోకిన డ్రమ్ము పాడగును. పైనుండు అచ్చు అట్టపెట్టెను మాత్రము చింపివేయవలెను. ఆ పెట్టెయే కావలెనను వర్తకుని నమ్మరాదు. నాసిపొడి నింపి కొత్తదిగా చలామణి చేయు మోసగాండ్రు కలరు. ఆ సరకు మరల మన కార్యాలయమునకే రావచ్చును.

ఒక్క గ్రామమున పోగగు నాలుగైదింటికొరకు వర్తకుడు రాడు. మండలములోని పంచాయతీలు, పాఠశాలలు, సహకార సంఘములు తమవి ఒకచోట చేర్చినచో బేరమాడు బలము కలుగును. రకము, సంఖ్య పుస్తకమున వ్రాసి, ఇద్దరు ముగ్గురి ధరలు తెప్పించి, వచ్చిన సొమ్మును రసీదుపై నిధికి జమకట్టవలెను. 2023 ఏప్రిల్ 1న అమలునకు వచ్చిన ఎలక్ట్రానిక్ వ్యర్థముల నియమావళిలో ప్రింటర్లు కార్ట్రిడ్జిలతో సహా చేరియున్నవి. కొనువాని నమోదు పత్రమును చూచిన పిదపనే సరకు అప్పగింపవలెను.

పగిలినవానిని కుప్పపై తగులబెట్టరాదు. టోనరు మిక్కిలి సన్నని ప్లాస్టిక్ పొడి. దాని పొగ ముందుగా సోకునది మన పారిశుధ్య కార్మికులకే. పొడి ఒలికినచో ఊడ్వక తడిగుడ్డతో తుడువవలెను. చేతులు చన్నీటితోనే కడుగవలెను. వేడినీరు తగిలిన పొడి కరగి చర్మమునకు అంటుకొనును.